చుక్క ఒకటే.. కనిపించేది రెండు!

* తప్పు కంటిది కాదు.. దుర్భిణిది
* ఇంట్లోనే సరిచూసుకునే తీరిదీ

హోసూరు: ‘‘మామా.. ఈ చుక్క పక్కనే ఇంకో చుక్కుంది!’’ మిద్దె మీద దుర్భిణి పట్టుకున్న మా అక్క కూతురు అరిచింది. జంట నక్షత్రం కనిపెట్టిందని మురిసిపోయాం. ఇంకో చుక్క వైపు తిప్పినా అదే మాట. పావుగంటకల్లా తలనొప్పంది. పిల్లకు చూపు పాడైందేమోనని వాళ్ల అమ్మమ్మకు దిగులు పట్టుకుంది. కంటి డాక్టరుకు చూపిస్తే కళ్లు బాగానే ఉన్నాయన్నారు. అప్పుడు గుర్తొచ్చింది.. నెల ముందు ఆ దుర్భిణి బీరువా పైనుంచి కింద పడిన సంగతి. అద్దం పగల్లేదు కదా అని దులిపి పెట్టేశాం. దెబ్బ లోపల తగిలింది!

ఎందుకిలా?

దుర్భిణి అంటే జోడించిన రెండు చిన్న టెలిస్కోపులే. చుక్కలు చూసేవాళ్లు ఎక్కువగా వాడేది 10×50 రకం. అంటే 10 రెట్లు పెద్దగా చూపుతుంది, ముందు కటకం అడ్డుకొలత 50 మిల్లీమీటర్లు. ఒక్కో గొట్టంలో రెండేసి పట్టకాలుంటాయి. తలకిందులుగా పడే బొమ్మను నిటారుగా నిలబెట్టేవి అవే. వాటిలో ఏ ఒక్కటి వెంట్రుకవాసి ఒరిగినా రెండు గొట్టాల చూపూ చెరోవైపు పోతుంది.

కొద్ది తేడా అయితే పగలు చెట్టునో కొండనో చూసేటప్పుడు కళ్లే సర్దుకుంటాయి. నల్లటి ఆకాశంలో ఒక్క చుక్క దగ్గర గుట్టు బయటపడుతుంది. కళ్లు రెండూ లోపలికి తిరగడం తేలికే. పుస్తకం చదివేటప్పుడు రోజూ చేసే పనే అది. బయటికి తిరగడం కష్టం. ఒకటి పైకి, ఇంకొకటి కిందికి చూడటం మరీ కష్టం. తలనొప్పి వచ్చేది అక్కడే.

ధ్రువుడే సాక్షి

పరీక్షకు ధ్రువ నక్షత్రం మేలు. మిగతా చుక్కల్లా జరిగిపోదు. ఊరి అక్షాంశం ఎంతో ఉత్తరాన అంత ఎత్తులో ఉంటుంది. హోసూరులో సుమారు 13 డిగ్రీలు, బళ్లారిలో 15, యానాంలో 17, బరంపురంలో 19, చంద్రపూర్‌లో 20. చేయి చాచి పిడికిలి పడితే దాదాపు 10 డిగ్రీలు. లెక్క వేసుకుని వెతకొచ్చు.

దుర్భిణిని స్టాండుకు బిగించాలి. రెండు గొట్టాలూ మన కళ్ల ఎడానికి సరిపోయేలా మడిచి, రెండు కళ్లకూ చుక్క స్పష్టంగా కనిపించేలా చేసుకోవాలి. తర్వాత కుడి కంటి దగ్గరి రింగు తిప్పి ఆ వైపు బొమ్మను మసకబార్చాలి. ఎడమ కంటికి చుక్క, కుడి కంటికి మసక బిళ్ల కనిపిస్తాయి. చుక్క బిళ్ల నడుమ కూర్చుంటే దుర్భిణి బాగున్నట్టే. పైకో కిందికో పక్కకో తప్పుకుంటే తేడా ఉన్నట్టు. దుర్భిణి తీసేసినా రెండేసి కనిపిస్తుంటే మాత్రం ఆలస్యం చేయకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఎనిమిదో వంతు చాలు

గొట్టాలు మెట్టుగా వంకర తిరిగిన పాతకాలపు రకాల్లో చాలావాటికి, పట్టకాలున్న చోట పైతొడుగు కింద బుల్లి స్క్రూలుంటాయి. ఒక్కో వైపు రెండు. ఒకటి బొమ్మను ఒక దిశలో, రెండోది దాదాపు దానికి అడ్డంగా జరుపుతుంది. వాచీలు బాగుచేసేవాళ్ల సన్న స్క్రూడ్రైవరు సరిపోతుంది.

ముందుగా స్క్రూ గాడి ఎటు ఉందో కాగితం మీద గీసి పెట్టుకోవాలి. ఒక్కసారికి చుట్టులో ఎనిమిదో వంతు తిప్పితే చాలు. బిళ్ల ఎటు కదిలిందో చూడాలి. తేడా పెరిగితే వెనక్కి తిప్పాలి. ముందు పైకీ కిందికీ ఉన్న తేడా పోగొట్టి, తర్వాత పక్కల సంగతి చూడాలి. ప్రతిసారీ నిమిషం పాటు కళ్లకు విశ్రాంతివ్వాలి. లేదంటే కళ్లే తేడాను సర్దేసి మనల్ని ఏమారుస్తాయి. స్క్రూ బిగువుగా తగిలితే ఆపేయాల్సిందే. బలవంతం చేస్తే పట్టకం అంచు పెచ్చు లేస్తుంది.

ఎక్కడ ఆగాలి?

నీరు చొరకుండా గాలి బిగించిన రకాలను, గొట్టాలు నేరుగా ఉండే రకాలను ఇంట్లో విప్పకూడదు. అవి పనివాళ్లకే వదలాలి. ఇంకో మాట.. మనం చేసే సర్దుబాటు మన కళ్ల ఎడానికే సరిపోతుంది. వేరేవాళ్లు గొట్టాలు మడిచి చూస్తే తేడా మళ్లీ రావచ్చు. ఎవరు చూసినా ఒకటిగా కనిపించాలంటే పరికరాల మీద పెట్టి సరిచేయాలి. ఎంత సరదా పడినా పగలు సూర్యుడి వైపు మాత్రం తిప్పొద్దు. చూపు శాశ్వతంగా పోతుంది.

ఇదేదో చిల్లర పని అనుకోవద్దు. జవ్వాది కొండల్లోని కావలూరులో 1986లో ప్రారంభించిన 2.34 మీటర్ల టెలిస్కోపు ఉంది. హైదరాబాదులో చదువుకున్న శాస్త్రవేత్త వేణు బప్పు పేరు దానికి పెట్టారు. అంత పెద్దదానికైనా దర్పణాల వరుస కుదిరితేనే చుక్క చుక్కలా కనిపిస్తుంది.

మా దుర్భిణి దారికి రావడానికి మూడు రాత్రులు పట్టింది. పిల్ల కళ్ల ఎడానికే మడిచి సరిచేశాం. నాలుగో రాత్రి పిల్లలకోడి చుక్కలు చూస్తూ అరగంట కూర్చుంది. తలనొప్పి మాటే లేదు. మీ ఇంట్లో పిల్లలు ఎవరైనా చుక్కలు రెండేసి కనిపిస్తున్నాయంటే కసరకండి. ముందు దుర్భిణిని అనుమానించండి.