రోడ్డు చెప్పే సాక్ష్యం

పిల్లలూ! రాజంపేట మీదుగా తిరుపతి పోయే రోడ్డుమీద నల్లటి టైరు చారలు చూచారా? బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుంటే, అవి తిరగడం మాని జారుతాయి. రబ్బరు రాసుకుని చార పడుతుంది.

ప్రమాదం జరిగాక, "నేను మెల్లగానే వచ్చాను" అని డ్రైవరు అనవచ్చు. దర్యాప్తుకు వచ్చినవారు టేపు పట్టి చారను కొలుస్తారు. వేగం రెండింతలైతే చార నాలుగింతలవుతుంది. పొడి తారురోడ్డుమీద గంటకు 40 కిలోమీటర్ల వేగానికి సుమారు 9 మీటర్లు. 80కి 36 మీటర్లు. బడిలో నేర్చిన వర్గాల లెక్కే ఇది!

1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం, బండివల్ల ఇతరులకు కలిగే నష్టానికి బీమా ఉండాలి. తప్పెవరిదో చూచి, పరిహారం ఎంతో ట్రిబ్యునలు నిర్ణయిస్తుంది. సంపాదించే మనిషిని పోగొట్టుకున్న ఇంటికి ఒక్కొక్కసారి ఆ చారే సాక్షి. అందుకే లారీలు తొక్కి చెరపకముందే దాన్ని కొలవాలి.