లేని గీతను చూచు మెదడు

తెల్లని కాగితముపై మూడు నల్లని బిళ్ళలను త్రిభుజపు మూలలలో ఉండునట్లు వేయుదము. ఒక్కొక్క బిళ్ళనుండి ఆరవవంతు ముక్కను కోసి తీసి, ఆ కోతలు మూడును లోపలి వైపునకు తిరిగియుండునట్లు అమర్చుదము. రేడియోలో బొమ్మ చూపుటకు వీలులేదు గనుక శ్రోతలు దీనిని తామే గీసికొనుట మంచిది. అప్పుడు బిళ్ళల నడుమ ఒక తెల్లని త్రిభుజము, కాగితముకంటె తెల్లగా, స్పష్టమైన అంచులతో కానవచ్చును. ఆ అంచుమీద వ్రేలు పెట్టి చూతము: అక్కడ గీత లేదు, సిరా లేదు. ఇటలీ దేశపు మనస్తత్వవేత్త గయెటానో కనీజా 1955లో ప్రకటించిన చిత్రమిది.

ఈ త్రిభుజమును మనము చూచుచున్నామా, లేక ఉండవలెనని ఊహించుకొనుచున్నామా? మన తార్కికుల మాటలలో, ఇది ప్రత్యక్షమా, అనుమానమా? చూచువానిని అడిగి లాభము లేదు, చూచుచున్నాననియే చెప్పును. మెదడునే అడుగవలెను.

అందులకు దారి చూపినవాడు జర్మనీలోని యేనా నగరమునకు చెందిన హాన్స్ బెర్గర్. ఆయన 1924లో మనిషి తలనుండి విద్యుత్ తరంగములను తొలిసారిగా నమోదు చేసి, 1929లో ప్రకటించెను. ఈ తరంగముల బలము వోల్టులో లక్షవ వంతుల లెక్కలోనిది. కన్నులు మూసి విశ్రాంతిగా నున్నపుడు తల వెనుక భాగమున సెకనుకు 8 మొదలు 13 సార్లు లేచిపడు అల, కన్ను తెరువగానే సన్నగిల్లును. ఒక్క బొమ్మకు మెదడిచ్చు జవాబు ఇట్టి అలలలో మునిగిపోవును. కనుక పరిశోధకులు ఒకే విధమైన బొమ్మను పలుమారులు చూపి, రికార్డులన్నిటికి సగటు తీయుదురు. బొమ్మతో సంబంధము లేని అలలు ఒకదానినొకటి చెరిపివేసికొనగా, జవాబు మిగులును.

ఇక ప్రయోగము. కోతలు లోపలికి తిరిగిన బిళ్ళలను కొన్ని సార్లు, అవే బిళ్ళలను వేరువైపునకు త్రిప్పి కొన్ని సార్లు చూపుదురు. సిరా రెంటియందును సమానమే. లేని అంచు మాత్రము మొదటిదానియందే కనబడును. 2002లో మికా మర్రీ మొదలగువారు ప్రకటించిన ఫలితములలో, బొమ్మ కనబడిన 88 మిల్లీసెకన్లకే, అనగా సెకనులో పదవ వంతైనను గడవకమునుపే, రెండు జవాబులును వేరుపడినవి. తీరికగా చేసిన తర్కమునకు అంత వ్యవధి యెక్కడిది? అనుమానపక్షము ఇచ్చటనే తడబడినదని మనము తలంపవచ్చును.

అయితే ప్రతి అలను నమ్మరాదు. సెకనుకు ఇంచుమించు 40 సార్లు ఊగు అలలు ఇట్టి త్రిభుజములకు హెచ్చగునని 1996లో ఫ్రాన్సునందలి పరిశోధకులు ప్రకటించిరి. ముక్కలను కలిపి ఆకారము కట్టు అల యిదియే యని పలువురు సంబరపడిరి. తలపై నమోదగు అట్టి వేగపుటలలలో కొన్ని మెదడువి కావు, కనుగ్రుడ్డు సూక్ష్మముగా కదలునపుడు పుట్టునవని 2008లో జెరూసలేములో తేలినది.

మరి లేని గీత మెదడున ఎచ్చట పుట్టును? 2001లో టాయ్ సింగ్ లీ, ఆయన సహచరుడు కోతుల మెదడు కణముల విద్యుత్తును నేరుగా కొలిచిరి. గీత నిజముగా నున్నపుడు, కంటి వార్త ముందుగా చేరు మొదటి దృష్టిమండలము వెంటనే స్పందించినది. లేని గీతకు మాత్రము రెండవ మండలమే ముందు మేల్కొన్నది. మొదటిది ఇంచుమించు 30 మిల్లీసెకన్లు ఆలస్యముగా అందుకొన్నది. వార్త వచ్చిన దారినే తిరిగి క్రిందికి పోవుచున్నదని వారు భావించిరి.