వస్తువు చెప్పునదెంత?

బెంగుళూరునకు దక్షిణమున కోననకుంటెయను చోటు గలదు. 1991 ఆగష్టు 20వ తేదీ వేకువను అచటి యొక యింట ఏడు శవములు కనబడెను. రాజీవ్ గాంధీ పుట్టినదినము నదియే. ఆయనను మే 21వ తేదీ రాత్రి శ్రీపెరుంబుదూరులో హతమార్చిన కుట్రకు సూత్రధారియని వెదకబడుచుండిన శివరాసన్ తుపాకిగుండు వలనను, తక్కినవారు సయనైడు వలనను మరణించి యుండిరి. ఇల్లు చుట్టుముట్టియు వెంటనే లోనికి పోకుండుట తప్పా, ఒప్పా యని మన యూరిలో నేటికిని వాదించువారున్నారు. ఆ వాదమున దిగుటకు మాకు ఉత్సాహము లేదు. సజీవులుగా చిక్కియుండినచో వారేమి చెప్పియుందురో ఎవరికెరుక? వారి నోళ్లు మూతపడుటచే, వస్తువుల సాక్ష్యమునకు ఇనుమడించిన బరువు కలిగెను.

ఆ వస్తువులలో మొదటిది కెమెరా. రాజీవ్ గాంధీ ఆ సాయంకాలము మన విశాఖపట్టణమునుండి విమానముపై మద్రాసు చేరి, అటనుండి ఆ సభకు పోయెను. అచట ఛాయాచిత్రములు తీయుచుండిన హరిబాబు పేలుడులో మరణించెను. అతని కెమెరా మాత్రము చెడలేదు. అందలి పది చిత్రములలో చందనపుమాలతో నిలిచిన ధను, పత్రికావిలేఖరి వేషమున శివరాసన్ కనబడిరి. బాంబు ఏ పూలబుట్టలోనో ఉండెనని మొదట కొందరు తలచిరి. మద్రాసు ఫోరెన్సిక్ శాఖాధిపతి పి. చంద్రశేఖరన్ గుడ్డపేలికలను, తీగెముక్కలను ఒకటొకటిగా కూర్చి, అది స్త్రీ నడుమునకు కట్టుకొనిన పట్టీయని నిరూపించెను. ఈ రెండును ఉత్తమ సాక్ష్యములు. ఎవరు నిలిచిరి, ఏది ఎక్కడ పేలెను అను ప్రశ్నలకు వానికంటె నిక్కమైన సాక్షి దొరకడు.

చిక్కంతయు బ్యాటరీలతో వచ్చినది. 9 వోల్టుల బ్యాటరీలు రెండు కొని శివరాసనునకు ఇచ్చితినని పేరరివాళన్ చెప్పినట్లు పోలీసులు వ్రాసికొనిరి. అప్పటికాతడు పందొమ్మిదేండ్లవాడు. అట్టి బ్యాటరీయే బాంబును పేల్చెనని అభియోగపక్షమువారి వాదము. బ్యాటరీ ఏ అంగడిలోనైనను దొరకును, రేడియోకును పనికివచ్చును. కొన్నవాని మనస్సులో ఏమున్నదో బ్యాటరీ చెప్పజాలదు. అది చెప్పవలసినది వాఙ్మూలము. 1872 నాటి సాక్ష్యచట్టము 25వ సెక్షను పోలీసుల యెదుటి ఒప్పుకోలును త్రోసిపుచ్చెడిది. టాడా చట్టము 15వ సెక్షను దానికి తలుపు తెరచినది. మా వృత్తివారు ఈ భేదమును మరువరాదు.

1998లో విచారణ న్యాయస్థానము 26 మందికిని ఉరిశిక్ష విధించెను. 1999 మే 11వ తేదీన సుప్రీముకోర్టు 19 మందిని హత్యానేరమునుండి విముక్తులను చేసెను. నలుగురికి ఉరి నిలిపెను. టాడా నేరములు రుజువు కాలేదని చెప్పుచునే, ఆ చట్టము క్రింద తీసికొనిన వాఙ్మూలములను స్వీకరించెను! పేరరివాళన్ ఆ నలుగురిలో నొకడు. బ్యాటరీలే ఆతనికి ఉరిత్రాడు పేనెననుట సరికాదు. సహముద్దాయిల వాఙ్మూలములును ఉండెను. అయినను, ఆతని వాఙ్మూలమును వ్రాసికొనిన సి.బి.ఐ. అధికారి వి. త్యాగరాజన్ 2013లో బహిరంగముగను, 2017లో సుప్రీముకోర్టునకు ప్రమాణపత్రముగను ఒక మాట తెలిపెను: బ్యాటరీలు ఎందులకో తనకు తెలియదని ఆతడు చెప్పిన వాక్యమును తాను వ్రాయక విడిచితిననెను.

ఆ వాక్యమును కోర్టు నమ్మియుండునా? నమ్మక పోవచ్చును, ముద్దాయి అట్లే చెప్పునని కొట్టివేయనూ వచ్చును. కాని నమ్మదగునా, కాదా యని తూచుట న్యాయమూర్తుల పని. వ్రాసికొనువాని పని కాదు. ఆ రాత్రి రాజీవ్ గాంధీతోపాటు మరణించిన పోలీసువారి, సామాన్యుల కుటుంబములకును నిండు సాక్ష్యముపై తీర్పు వినుటకు హక్కు గలదు. వారి పక్షమున ఇది తరచు వినబడదు.

2014లో ఉరి యావజ్జీవముగా మారెను. 2022 మే 18న పేరరివాళన్, నవంబరు 11న తక్కిన ఆరుగురు విడుదలైరి. పేరరివాళన్ విడుదలకు కారణము క్షమాభిక్షపై గవర్నరు చేసిన జాప్యము; అపరాధనిర్ణయమును ఎవరును తిరిగి విప్పి చూడలేదు. ఆ నడుము పట్టీని కుట్టి, అందు మందు నింపిన చేతులెవరివో ఏ తీర్పులోను తేలలేదు.