5.4 భద్రమైన ఎన్‌ఎఫ్‌ఎస్ మౌంట్ హ్యాంగ్ అయినప్పుడు

1984లో సన్ మైక్రోసిస్టమ్స్ రూపొందించిన ఎన్‌ఎఫ్‌ఎస్ గురించి గత భాగంలో చదివారు. దాని సాధారణ అమరికలో, క్లయింట్ పంపిన యూజర్ సంఖ్యను సర్వర్ ప్రశ్నించకుండా నమ్ముతుంది. నెట్‌వర్క్‌లో ఎవరైనా తమ యంత్రంలో అదే సంఖ్యతో ఖాతా సృష్టించుకుంటే మీ ఫైళ్లు చదవగలరు. ఈ లోపాన్ని సరిదిద్దడానికి మౌంట్‌కు ఎంఐటీలో పుట్టిన కెర్బెరోస్ వ్యవస్థను జతచేస్తారు. 'కేఆర్‌బీ5' ఆప్షన్ యూజర్ ఎవరో నిర్ధారిస్తుంది. 'కేఆర్‌బీ5ఐ' దారిలో డేటా మారలేదని కూడా నిర్ధారిస్తుంది. 'కేఆర్‌బీ5పీ' డేటాను గుప్తీకరిస్తుంది. ఇలాంటి మౌంట్ లైనక్స్‌లో స్తంభించిపోతే ఏం చేయాలో ఇప్పుడు చూద్దాం.

ముందుగా ఒక తేడా గుర్తించండి. 'అనుమతి లేదు' అనే సందేశం వస్తే సర్వర్ జవాబిచ్చిందని అర్థం. హ్యాంగ్ అంటే జవాబు రాలేదని అర్థం. మీ కంప్యూటర్ ఇంకా ఎదురుచూస్తోంది. ఎన్‌ఎఫ్‌ఎస్ మౌంట్లు డిఫాల్ట్‌గా 'హార్డ్' రకం. సర్వర్ తిరిగి పలికేవరకు క్లయింట్ అడుగుతూనే ఉంటుంది. విసుగు పుట్టించినా ఇది మంచి లక్షణమే, ఎందుకంటే సర్వర్ పది నిమిషాలు ఆగి తిరిగి లేస్తే, సగం రాసిన ఫైలు మిగతా సగం పూర్తవుతుంది. కాబట్టి మీ మొదటి ప్రశ్న 'ఏది చెడిపోయింది?' అని కాదు, 'ఎవరు ఎవరి కోసం ఎదురుచూస్తున్నారు?' అని ఉండాలి.

మౌంట్ ఆగినప్పుడు 'డీఎఫ్' ఆదేశం ఇవ్వకండి. అది అన్ని మౌంట్లనూ పలకరిస్తుంది కనుక అదీ ఆగిపోతుంది. దాని బదులు ప్రాక్ డైరెక్టరీలోని 'మౌంట్స్' ఫైలు చదవండి. తరువాత కెర్నెల్ లాగ్ చూడండి. సర్వర్ స్పందించడం లేదు, ఇంకా ప్రయత్నిస్తున్నాం అనే అర్థం గల ఆంగ్ల వాక్యం అందులో కనిపించవచ్చు.

పింగ్ పనిచేసినంత మాత్రాన దారి తెరిచి ఉందనుకోవద్దు. ఎన్‌ఎఫ్‌ఎస్ నాలుగో వెర్షన్‌కు టీసీపీ పోర్టు 2049 కావాలి. ఆ పోర్టును విడిగా పరీక్షించండి. తిరస్కరణ వెంటనే వస్తే అక్కడ సేవ నడవడం లేదని అనుకోవచ్చు. ఏ సమాధానమూ లేకుండా కాలం గడిస్తే, మధ్యలో ఫైర్‌వాల్ ప్యాకెట్లను నిశ్శబ్దంగా పారేస్తోందేమో చూడండి.

పోర్టు బాగుంటే అసలు విషయానికి వస్తాం. అదే సర్వర్‌లో కెర్బెరోస్ లేని పరీక్షా డైరెక్టరీ ఒకటి ఉంటే దాన్ని మౌంట్ చేయండి. అది సాఫీగా మౌంట్ అయితే ఫైల్ సర్వర్‌నూ, కేబుళ్లనూ వదిలేయండి, తప్పు కెర్బెరోస్ వైపే ఉంది. కెర్నెల్ తానే కెర్బెరోస్ సర్వర్‌తో మాట్లాడదు. క్లయింట్‌లో 'జీఎస్‌ఎస్‌డీ' అనే డీమన్‌ను అడిగి, అది తెచ్చే టికెట్ కోసం ఆగుతుంది. ఆ డీమన్ నడవకపోతే, కెర్నెల్ వెర్షన్‌ను బట్టి మౌంట్ ఆగిపోవచ్చు, లేదా విఫలం కావచ్చు. ఇక్కడే చాలామంది తికమకపడతారు. అనేక లైనక్స్ పంపిణీలలో ఈ డీమన్, ఈటీసీ డైరెక్టరీలో కీట్యాబ్ ఫైలు ఉంటేనే మొదలవుతుంది. ఫైలు లేకపోతే ఎర్రటి దోష సందేశమేదీ రాదు, సేవ 'షరతు నెరవేరలేదు' అని నిశ్చింతగా పక్కకు తప్పుకుంటుంది. 'కేలిస్ట్' ఆదేశంతో కీట్యాబ్‌లో ఏ పేర్లున్నాయో చూడండి. సర్వర్ వైపు కూడా ఇలాంటి సహాయక డీమన్ ఉంటుంది, అది ఆగినా క్లయింట్ ఎదురుచూస్తూ ఉండిపోవచ్చు.

మౌంట్ అవుతుంది గాని అరనిమిషం పడుతోందా? అప్పుడు డీఎన్‌ఎస్‌ను అనుమానించండి. కెర్బెరోస్‌లో సర్వర్ పేరు కచ్చితంగా సరిపోవాలి కనుక పేర్ల వెతుకులాట తప్పదు. పలకని నేమ్ సర్వర్ ఒక్కొక్క దాని కోసం లైనక్స్ సాధారణంగా 5 సెకన్లు ఆగుతుంది, ఆపై మళ్లీ ప్రయత్నిస్తుంది. ఇక గడియారం: తేడా 5 నిమిషాలు దాటితే కెర్బెరోస్ సాధారణంగా ఒప్పుకోదు. మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయిన పాత కంప్యూటర్లలో ఇది తరచు చూస్తాం. అయితే ఇక్కడ హ్యాంగ్ కంటే 'అనుమతి లేదు' అన్న జవాబే ఎక్కువగా వస్తుంది.

రెండు 'వైద్యాలు' మీకు సలహాగా అందుతాయి. ఒకటి, మౌంట్‌ను 'సాఫ్ట్' రకానికి మార్చడం. అప్పుడు కొంతసేపటికి క్లయింట్ ప్రయత్నం మానుకుంటుంది, కానీ ఆ దోషాన్ని పట్టించుకోని ప్రోగ్రాం మీ ఫైలును సగంలో వదిలేస్తుంది. రెండోది, కెర్బెరోస్ తీసివేయడం. హ్యాంగ్ పోతుంది, దానితోపాటు ఎవరి ఫైళ్లు వారివే అన్న హామీ కూడా పోతుంది. పరీక్ష కోసం కాసేపు చేయవచ్చు, పరిష్కారంగా మాత్రం వద్దు. ఆగిన ప్రోగ్రాంను వదిలించుకోవాలంటే ఇప్పటి కెర్నెళ్లలో 'సిగ్‌కిల్' సంకేతం చాలావరకు పనిచేస్తుంది.

మీ అభ్యాసానికి: ఉదయం ఫైల్ సర్వర్‌ను రీస్టార్ట్ చేసిన తరువాత ల్యాబ్‌లోని 20 క్లయింట్లలోనూ భద్రమైన మౌంట్లు ఆగిపోయాయి. పోర్టు 2049 తెరిచే ఉంది. కెర్బెరోస్ లేని డైరెక్టరీ అన్నిటిలోనూ మౌంట్ అవుతోంది. ముందుగా ఏ యంత్రంలో, ఏ డీమన్ స్థితిని చూస్తారు? ఎందుకు?