ఏ మ్యాథ్స్ ముందు, ఏ మ్యాథ్స్ తర్వాత?

ఫస్టియర్ రిజల్ట్స్ రాగానే హాస్టళ్లలో వినిపించే మాట ఒకటుంది: "ఎం1 ఉండిపోయింది, పోనీ ముందు ఎం2 గట్టెక్కించేద్దాం." పరీక్షల లెక్కలో ఇది కుదురుతుంది. చదువు లెక్కలో మాత్రం కష్టం.

మన సిలబస్‌లో మొదటి సెమిస్టర్‌కి లీనియర్ ఆల్జీబ్రా, కాలిక్యులస్; రెండో సెమిస్టర్‌కి డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, వెక్టర్ కాలిక్యులస్. ఈ వరస ఎందుకో మన ఊళ్లోనే కనిపిస్తుంది.

పోర్టునే చూడండి. పెద్ద ఓడ లోపలికి రావాలంటే ఏ వేళకి నీరు ఎంత లోతుంటుందో ముందే తెలియాలి. అందుకోసం ఆటుపోట్లను చాలా సైన్ తరంగాల మొత్తంగా రాస్తారు. వాటిలో చంద్రుడి వల్ల వచ్చే ముఖ్యమైన తరంగం పేరు, తమాషాగా, ఎం2! దాని పీరియడ్ సుమారు 12 గంటల 25 నిమిషాలు. తరంగాల పీరియడ్లు ఖగోళ లెక్కల వల్ల ముందే తెలుసు. వాటి ఎత్తు, ఫేజ్ మాత్రం ఆ రేవులో కొలిచిన నీటిమట్టాల నుంచే రాబట్టాలి. దానికి వాడేది లీస్ట్ స్క్వేర్స్ పద్ధతి, అంటే చివరికి ఒక మ్యాట్రిక్స్ సమీకరణం. సముద్రపు ఎం2 తేలాలన్నా మన ఎం1 రావాల్సిందే.

ఇక స్టీల్ ప్లాంట్. కరిగిన ఉక్కును కంటిన్యువస్ కాస్టింగ్‌లో పోసినప్పుడు, లోపల ఇంకా ద్రవంగా ఉండగానే పైపొర గట్టిపడుతుంది. ఆ పొర ఎంత మందం కట్టిందో లెక్కగట్టడానికి హీట్ ఈక్వేషన్ కావాలి. టెంపరేచర్ చోటుని బట్టీ, కాలాన్ని బట్టీ మారుతుంది కనుక, పార్షియల్ డెరివేటివ్‌లు తెలియకపోతే ఆ సమీకరణం చదవడం కూడా రాదు.

సెకండియర్‌లోనూ ఇదే కథ. ప్రాబబిలిటీలో నార్మల్ కర్వ్ ఫార్ములాలో రూట్ 2పై ఎక్కడినుంచి వచ్చింది? పోలార్ కోఆర్డినేట్స్‌లో చేసిన డబుల్ ఇంటిగ్రల్ నుంచి. డిస్క్రీట్ మ్యాథ్స్ ఒక్కటే దాదాపు స్వతంత్రం. కాలిక్యులస్ మీద బెంగ ఉన్న సీఎస్ఈ వాళ్లు దాన్ని ఎప్పుడైనా మొదలుపెట్టొచ్చు. కానీ ఐగెన్ వాల్యూ అంటే ఏమిటో తెలియకుండా మెషిన్ లెర్నింగ్ కోర్సులో చేరడమంటే, ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టే.

ఈ వరస గురించి అందరికన్నా ఎక్కువ ఆలోచించాల్సింది ఈసెట్ రాసి నేరుగా రెండో సంవత్సరంలోకి వచ్చే మిత్రులు. ఫస్టియర్ క్లాసులు వాళ్లు వినలేదు, రెండో సంవత్సరం పాఠాలేమో వాళ్ల కోసం ఆగవు. చేరకముందు దొరికే రోజుల్లో మొత్తం పుస్తకం తిరగేయక్కర్లేదు. ముందు మ్యాట్రిక్స్ ర్యాంక్, ఐగెన్ వాల్యూలు. తర్వాత పార్షియల్ డెరివేటివ్‌లు. ఆ తర్వాత డబుల్ ఇంటిగ్రల్స్. ఈ మూడూ వస్తే సగం భయం పోతుంది.

ఏది ముందో తేలకపోతే ఒక చిన్న పరీక్ష ఉంది. చదవబోయే సబ్జెక్టులో మొదటి యూనిట్ తీసి, సాల్వ్ చేసిన లెక్క ఒకటి లైను లైనుగా చదవండి. ఏ లైను దగ్గర "ఇదెలా వచ్చింది?" అనిపించిందో చూడండి. ఆ లైను ఏ సబ్జెక్టుదైతే, ముందు చదవాల్సింది అదే.