లారీ ఎక్కిన అమ్మ ముగ్గులు

ఇల్లు మారడమంటే సగం పెళ్ళి చేసినంత పని అంటారు మా అత్తయ్యగారు. 2016లో అది మాకూ అనుభవమైంది. రాష్ట్ర విభజన తర్వాత ఆ ఏడాది సచివాలయం హైదరాబాద్ నుంచి వెలగపూడికి తరలింది. మావారి ఉద్యోగంతో పాటు మేమూ విజయవాడకు కదిలాం. ఆషాఢంలో ఇల్లు మారకూడదని ఆగాం. ఆగస్టులో కృష్ణా పుష్కరాల రద్దీ తగ్గేదాకా మళ్ళీ ఆగాం. చివరికి శ్రావణం వెళ్ళిపోతోందనగా హడావుడిగా లారీ మాట్లాడాం.

"మేమే సర్దుతాం, మేమే దింపుతాం. మీరు వెళ్ళి పాలు పొంగించుకోవడమే అమ్మా!" అన్నాడు సామాన్లు చేరవేసే కుర్రాడు. ఎంత హాయిగా ఉందో ఆ మాట! అట్టపెట్టెల మీద 'వంటిల్లు', 'బట్టలు', 'పుస్తకాలు' అని రాసుకుంటూ పోయాను. ఎన్ని పెట్టెలో, వేటిలో ఏమున్నాయో మాత్రం రాసుకోలేదు.

అత్తయ్యగారు ఆవకాయ జాడీని లారీ ఎక్కనివ్వలేదు. పాత చీరలో చుట్టి, బస్సులో ఒళ్ళో పెట్టుక్కూర్చున్నారు. సూర్యాపేటలో టీకి ఆగినా దించలేదు. "జాడీకీ టికెట్టు కొట్టించాల్సింది" అని నేనూ మావారూ ఒకటే నవ్వు.

తెల్లారేసరికి వస్తుందన్న లారీ మూడోరోజు రాత్రి వచ్చింది. అదీ మా సామాను ఎక్కించిన లారీ కాదు! దారిలో గోడౌన్లో దింపేసి, ఇంకెవరి సామానుతోనో కలిపి వేరే లారీకి ఎత్తారట. టార్పాలిన్‌కి చిరుగులు, పైగా వాన. అదనంగా కూలీ ఇస్తేనే తాళ్ళు విప్పుతామన్నారు. వీధిలో అందరూ చూస్తున్నారని మావారు డబ్బిచ్చి, 'అన్నీ సరిగ్గా అందాయి' అన్న కాగితం మీద సంతకం పెట్టేశారు.

పొద్దున్నే చూస్తే ఫ్రిజ్ తలుపుకి సొట్ట. మిక్సీ జార్లు లేవు. 'పుస్తకాలు' అని రాసిన పెట్టె అడుగంతా తడి.

అందులో మా అమ్మ ముగ్గుల పుస్తకం ఉంది. గుడివాడలో ఏటా ధనుర్మాసంలో చుక్కలు లెక్కపెట్టి, ఇంకు పెన్నుతో వేసుకున్న ముగ్గులు. అమ్మ పోయి అప్పటికి రెండేళ్ళు. పేజీలన్నీ నీలంగా అలుక్కుపోయాయి. ఫోన్ చేస్తే, "దాని ఖరీదెంతమ్మా?" అన్నారు. ఏం చెప్పను? ఫ్రిజ్ గురించి అడిగితే, "సార్ సంతకం పెట్టారుగా" అన్నారు.

మీరైనా జాగ్రత్తపడండి. సామాన్ల జాబితా రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద వాళ్ళ సంతకం తీసుకోండి. లారీ రసీదులో సామాను విలువ రాయించండి. రాయించకపోతే, 2007 నాటి రోడ్డు రవాణా చట్టం కింద వాళ్ళ బాధ్యతకు పరిమితి ఉంటుంది. దారిలో లారీ మారుస్తారా అని ముందే అడగండి. పెట్టెలు విప్పి చూడకుండా సంతకం పెట్టాల్సి వస్తే, 'విప్పి చూడలేదు' అని రాసి మరీ పెట్టండి. నష్టం జరిగితే, బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. 2019 చట్టం వచ్చాక, మనం ఉంటున్న జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయొచ్చు. సలహాకి 1915 నంబరుంది.

ఇవన్నీ ఫ్రిజ్‌కీ, మిక్సీకీ పనికొస్తాయి. అమ్మ ముగ్గులకి ఏ చట్టం ఖరీదు కడుతుంది?

ఆ రోజంతా అత్తయ్యగారు ఆ పేజీలు ఒక్కొక్కటే విడదీసి, ఫ్యాను కింద ఆరబెట్టారు. ఏడు ముగ్గులు మిగిలాయి. రాత్రి వేడన్నంలో ఆవకాయ వడ్డిస్తూ ఒక్కటే అన్నారు.

"ఈసారి ఇల్లు మారేటప్పుడు, ఒళ్ళో పెట్టుకోవాల్సిందేదో ముందు చూసుకో అమ్మాయ్!"