సముద్రంలో పోసిన రైలు కట్ట

2019లో టోక్యోలోని షినగావా స్టేషన్ దగ్గర పనులు జరుగుతుంటే నేలలోంచి ఒక రాతి గోడ బయటపడింది. ఏటవాలుగా, ఒకదాన్నొకటి ఒరుసుకునేలా పేర్చిన రాళ్ళు. చూస్తే ఏ కోట గోడో అనిపిస్తుంది. కానీ అది జపాన్ మొదటి రైలు నడిచిన కట్ట.

1872లో షింబాషి నుంచి యోకోహామాకు 29 కిలోమీటర్లు, 53 నిమిషాల ప్రయాణం. దారిలో తకనావా దగ్గరి భూమి సైనిక శాఖ చేతిలో ఉంది. వాళ్ళు ఇవ్వం అన్నారు, కొలతలకు కూడా అడుగు పెట్టనివ్వలేదు. నేల దొరక్కపోతే నీళ్ళలోంచే పోదామనుకున్నారు రైలువాళ్ళు. తీరానికి కాస్త ఎడంగా, లోతు తక్కువున్న చోట దాదాపు 2.7 కిలోమీటర్ల కట్ట పోశారు. జాలరుల పడవలు వచ్చిపోవడానికి అక్కడక్కడా ఖాళీ వదిలి వంతెనలు వేశారు.

పథకం ఇంగ్లీషు ఇంజనీరుది. ఎడ్మండ్ మోరెల్ 1870లో వచ్చి, తన రైలు కదలకముందే మరుసటి ఏడు కన్నుమూశాడు. గోడ కట్టిన తీరు మాత్రం అచ్చంగా జపాన్ కోటలది. లోపలి మట్టి బయటికి తోస్తుంటే, వెనక్కి వాలిన గోడ తన బరువుతోనే దాన్ని అదిమిపడుతుంది. కోట గోడల్లో పెద్ద రాళ్ళ వెనక చిన్న రాళ్ళు నింపుతారు. నీరు వాటి సందుల్లోంచి జారిపోతుంది గనుక గోడ మీద ఒత్తిడి పెరగదు. విద్య పాతదే, మోసే బరువు కొత్తది.

జపాన్ ఆధునికమైన వేగం గురించి రాసేవాళ్ళు చాలామంది ఈ పాత చేతులను మరిచిపోతారు. అదే 1872లో తెరిచిన తొమియోకా పట్టు మిల్లు చూడండి. యంత్రాలు ఫ్రాన్సువి, ఇటుకలు కాల్చింది మాత్రం ఇంటి పెంకులు చేసే కుమ్మర్లు. సిమెంటు బదులు సున్నం వాడారు. కట్టడం బరువు మోసేది చెక్క చట్రమే! (పనికి అమ్మాయిలు రావడానికి జంకారట. ఫ్రెంచివాళ్ళు తాగే ఎర్రటి ద్రాక్షసారాను జనం నెత్తురనుకున్నారు మరి.)

నిజానికి ఈ కథ ఇంకా ముందే మొదలైంది. మన బొంబాయి–ఠాణా రైలు కూత పెట్టిన 1853లోనే, జులైలో, అమెరికా పొగ ఓడలు జపాన్ తీరానికి వచ్చి భయపెట్టాయి. సుమారు రెండేళ్ళలో సాగా సంస్థానంలో బొమ్మ ఆవిరి ఇంజను తిరిగింది. దాని తయారీలో ముందున్న తనకా హిసాషిగే అంతకుముందు గడియారాలు, కీలుబొమ్మలు చేసిన మనిషి. 1865కల్లా ఆ సంస్థానం సొంతంగా ఒక ఆవిరి ఓడనే కట్టింది.

1880కల్లా క్యోటో, ఒత్సు మధ్య కొండ సొరంగాన్ని విదేశీ ఇంజనీర్లు లేకుండానే తవ్వారు. గునపం పట్టింది ఇకునో వెండి గని కూలీలు. కోబేలో మొదటి రైలింజను 1893లో తయారైంది, మన అజ్మీర్లో 1895లో. రైలు మనకే 19 ఏళ్ళు ముందొచ్చిందని గుర్తుంచుకుంటే ఈ తేడా కాస్త గుచ్చుకుంటుంది. అలాగని అన్నీ వాళ్ళే చేసుకున్నారనీ కాదు. 1905లో రష్యా నౌకాదళాన్ని ఓడించిన దళంలోని మికాసా యుద్ధనౌక ఇంగ్లండులో కట్టిందే.

తకనావా కట్ట చుట్టూ ఉన్న సముద్రాన్ని తర్వాత పూడ్చేశారు. బయటపడ్డ గోడలో చాలా భాగం కొత్త భవనాల కోసం తీసేశారు. పడవలు దాటిన ఒక వంతెన దగ్గరి ముక్క మాత్రం ఉన్నచోటే ఉంది. దాని కింద ఇప్పుడు నీళ్ళు లేవు.